మెత్తన వేరు, మెతక వేరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఓ పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. అంశం మాత్రం నా ఇష్టానికే వదిలేశారు. నేను పండితుణ్ణి కాను. గుమస్తాగా చేరి గుమస్తాగానే రిటైరయ్యాను. మధ్యలో హోదా పేరు రెండుసార్లు మారింది గాని, ముందున్న బల్ల మారలేదు. అయితే గుమస్తా పని కూడా ఒక విధంగా మాటల పనే. డ్రాఫ్టులో ఒక మాట మారితే కాగితం నడక మారిపోతుంది. "పరిశీలించవచ్చును" అని రాస్తే ఒక దారి, "సానుభూతితో పరిశీలించవచ్చును" అని రాస్తే ఇంకో దారి. ఆ ఒక్క మాట కోసం అరపూట ఆలోచించిన రోజులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అలా మాటల్ని తూచడం అలవాటై, రిటైరయ్యాక నిఘంటువులు తిరగేయడం నాకు ఒక కాలక్షేపంగా మారింది.

ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేసుకుంటాను. ఆ మాట "మెతక".

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, పోయిన నెల మన కార్యవర్గ సమావేశంలో బకాయిల విషయం చర్చకు వచ్చినప్పుడు ఈ మాట బల్ల మీద పడింది. "మన సంఘం మెతక వైఖరి విడనాడాలి" అని ఒక మిత్రుడు అన్నారు. "మర్యాదగా అడగడం మెతకతనమా?" అని ఇంకొక పెద్దాయన నొచ్చుకున్నారు. ఇద్దరూ సంఘానికి కావలసినవారే. ఇద్దరి మాటలోనూ సబబుంది. ఆ నాడు తీర్మానం వాయిదా పడింది. పడితే పడింది గాని, ఆ పెద్దాయన అప్పటినుంచి సమావేశాలకు రావడం తగ్గించారు. ఒక మాట మనిషిని ఇంటిపట్టున కూర్చోబెట్టగలిగిందంటే, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు విచారించవలసిందే అనిపించింది. మన సర్వీసు భాషలో చెప్పాలంటే ఇది నేను పుటప్ చేస్తున్న నోటు. ఆర్డర్లు మీవి.

ముందుగా ఈ మాట ఏ ఇంటిదో చూద్దాం. మెత్త, మెత్తన, మెత్తని, మెతక, మెల్లగా, ఇవన్నీ ఒక కుదురులో పుట్టిన మాటలు. తమిళంలో "మెల్" అంటే మృదువైనది అని అర్థం. "మెదువాగ" అంటే నెమ్మదిగా. "మెత్తై" అంటే పరుపు. కన్నడంలో "మెత్తగె" అన్నా, "మెదు" అన్నా మెత్తనే. "మెల్లగె" అంటే మెల్లగా. మలయాళంలో "మెల్లె" అంటే నెమ్మదిగా. మన తెలంగాణలో తలగడను "మెత్త" అనే అంటారు. ద్రావిడ భాషల మాటల్ని పక్కపక్కన పేర్చి బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో ఒక నిఘంటువు తెచ్చారు. 1984లో దాన్ని పెంచి మళ్ళీ ముద్రించారు. అందులో ఈ చుట్టాలందరినీ ఒకచోట చూడవచ్చు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వేరు కాపురాలు పెట్టకముందు, ఉమ్మడి కుటుంబంగా ఉన్ననాటి మాట ఇది. అంటే మనం రోజూ వాడే ఈ చిన్న మాటకు ఉన్న సర్వీసు, ఏ పెన్షన్ రూలుకూ అందనంత పెద్దది.

ఇంకొంచెం ముందుకు పోదాం. అన్నం మెత్తగా కలపడాన్ని "మెదపడం" అంటాం. పసిపిల్లలకు మెదిపి పెడతాం. పళ్ళు ఊడిన తర్వాత మనకూ ఎవరో మెదిపి పెట్టాలి. "మెతుకు" అనే మాటను కూడా నేను ఈ ఇంటిదానిగానే తలుస్తాను. గట్టి బియ్యపు గింజ ఉడికి మెత్తబడితేనే గదా మెతుకయ్యేది! మెదక్ ప్రాంతాన్ని మెతుకుసీమ అని ప్రేమగా పిలుచుకుంటారు. మెత్తబడటం అంటే తిండి కావడం, ఇంకొకరి కడుపు నింపడం. ఈ ఇంటి మాటలో మొదట తప్పు ఏమీ లేదని మీరు గమనించాలి.

మరి తప్పు ఎక్కడ వచ్చింది? దీనికి జవాబు వంటింట్లో దొరుకుతుంది. ఇక్కడున్న అక్కయ్యలూ చెల్లెమ్మలూ నాకంటే బాగా చెప్పగలరు. ఇడ్లీ మెత్తగా ఉంటే మెచ్చుకుంటాం. అదే అప్పడం మెత్తబడితే పక్కకు నెట్టేస్తాం. పప్పు మెత్తగా ఉడకాలి. ఆవకాయలో ముక్క మెత్తబడిందో, ఆ ఏడాదికి ఆ జాడీ దండగ. చపాతీ మెత్తగా రావాలి. జంతికలు మెత్తబడితే డబ్బా మూత సరిగా పెట్టలేదని ఇంట్లో విచారణ మొదలవుతుంది. పిండి మరపట్టించేటప్పుడు "మెత్తగా పట్టు నాయనా" అంటాం. అక్కడ మెత్తన అంటే సన్నగా, నలగకుండా మిగిలిన గింజ లేకుండా అని. చూశారా, మాట ఒకటే. మెప్పో తప్పో తేలేది ఆ వస్తువు ఎందుకు ఉన్నదన్న దాన్ని బట్టి. నములుకోవడానికి చేసింది మెత్తబడితే లోపం. మింగడానికి చేసింది మెత్తగా ఉంటే గుణం.

ఇక మనుషుల దగ్గరికి వచ్చేసరికి మన భాష ఒక గడుసు పని చేసింది. మెచ్చుకోవడానికి "మెత్తని మనసు", "మెత్తని మాట" అని ఉంచుకుంది. తీసిపారేయడానికి "మెతక" అని వేరే రూపం ఉంచుకుంది. పరుపును మెతక అనం. మల్లెపువ్వును మెతక అనం. మెతక అని అన్నామంటే దాదాపు ఎప్పుడూ మనిషినే అంటాం, లేకపోతే మనిషి నడతను అంటాం. అన్నప్పుడు ఆ మనిషి సాధారణంగా గదిలో ఉండడు. "వాడా, వట్టి మెతక" అని పెదవి విరుస్తాం.

మన సామెతల్లో కూడా ఈ భయం కనిపిస్తుంది. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అన్నారు. ఈ సామెతను మెత్తనివాడికి హెచ్చరికగా చెప్పుకుంటూ ఉంటాం. కాని కాస్త నిదానించి చూడండి. అందులో తప్పు ఎవరిదని ఉంది? మొత్తబుద్ధి పుట్టినవాడిది. చూసేవాడి బుద్ధి గురించిన సామెత అది. మెత్తనివాణ్ణి తిట్టిన సామెత కాదు. అలాగే "మెత్తని పులి" అనే మాట ఉంది. పైకి సాధువులా ఉండి లోపల గోళ్ళు దాచుకున్నవాణ్ణి అలా అంటాం. అంటే మెత్తదనం వేషం కూడా కావచ్చునని మన పెద్దలకు తెలుసు. మెత్తన, మెతక, మెత్తని పులి, ఈ ముగ్గురినీ ఒక గాట కట్టకూడదన్నది ఈ మాటలు చెప్పే మొదటి పాఠం.

సంస్కృతం మాట కూడా ఒకటి చూద్దాం. పేపర్లో ఆటల పేజీ చదివేవారికి "పేలవమైన ప్రదర్శన" అనే మాట పరిచయమే. చప్పగా, బలహీనంగా ఆడారని అర్థం. కాని సంస్కృతంలో "పేలవ" అంటే సుకుమారమైన, కోమలమైన అని. కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో ఈ మాట వాడాడు. సందర్భం ఏమిటంటే, పార్వతి తపస్సుకు బయలుదేరింది. తల్లి మేన అడ్డుపడింది. దిరిసెన పువ్వు తుమ్మెద బరువు మోస్తుందే గాని పక్షి బరువు మోయలేదు గదా, నీ ఒళ్ళు తపస్సుకు తగినది కాదమ్మా అన్న ధోరణిలో నచ్చజెప్పింది. తల్లి ప్రేమ అది. కాని తర్వాత జరిగిందేమిటి? ఆ పువ్వులాంటి పిల్లే ఎండాకాలం నిప్పుల మధ్య నిలబడింది, చలికాలం నీళ్ళలో నిలబడింది. చివరికి రాలిన ఆకులు కూడా తినడం మానేసి అపర్ణ అనే పేరు తెచ్చుకుంది. ఎవరి గురించి "పేలవం" అన్నారో ఆమె తపస్సు మునులను మించింది. కథలో అది గెలిచిన మాట. మనం మాత్రం ఆ మాటను తెచ్చి, ఓడిపోయిన జట్టుకు అంటగట్టాం.

ఇంకొక తమాషా కూడా మనవి చేస్తాను. మన రిటైర్మెంట్ సభల్లో సన్మానపత్రం చదువుతారు గదా. "మృదుస్వభావి, స్నేహశీలి, సహనమూర్తి" అని అందులో ఉంటుంది. అదే మనిషిని, అదే ఆఫీసులో, ముందు రోజు దాకా వరండాలో "మెతక" అనే అన్నారు. మృదువు అన్నా మెత్తన అన్నా అర్థం ఒకటే. ముఖం మీద పొగడాలంటే సంస్కృతం, వెనకాల చులకన చేయాలంటే తెలుగు! మాలలు వేసే రోజున మాత్రం తెలుగు మాటకు సెలవు.

ఇలా మాటల చరిత్ర చెప్పుకుంటూ పోతే పావుగంట చాలదు. నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. ఏ ఊరు, ఏ ఆఫీసు అన్నది అనవసరం. నేను పనిచేసిన చోట పక్క సెక్షనుకు ఒకామె ప్రతి సోమవారం వచ్చేది. అటెండరుగా చేస్తూ చనిపోయిన వ్యక్తి భార్య. కుటుంబ పెన్షన్ కాగితం కోసం తిరిగేది. భర్త సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంది. అంతే పేచీ. ఆమె గొంతు పెంచడం నేను ఏనాడూ వినలేదు. గుడ్డ సంచీలోంచి కాగితాలు తీసి, వరుసగా బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, పోయిన వారం మీరు చెప్పిన కాగితం తెచ్చాను" అనేది. ఇంకేదో కావాలనేవారు. "అట్లాగే అయ్యగారూ, మళ్ళీ సోమవారం వస్తాను" అని వెళ్ళేది. ఆమెను చూసి సెక్షను వారంతా "పాపం మెతక మనిషి" అనుకునేవారు.

అదే సెక్షనుకు ఇంకొకాయన కూడా వచ్చేవాడు. బల్ల గుద్దేవాడు. పైవారికి రాస్తాననేవాడు. ఆయన రాగానే అందరూ లేచి టీకి వెళ్ళిపోయేవారు. ఆయన అరిచి అరిచి అలసి, కొన్నాళ్ళకు రావడం మానుకున్నాడు. ఆమె మాత్రం మానలేదు. ఎండైనా వానైనా, పండగ మర్నాడైనా సోమవారం అంటే సోమవారమే. కొన్ని నెలలు గడిచేసరికి ఆ సెక్షను సూపరింటెండెంటు గారికి ఆదివారం రాత్రి నుంచే ఆమె గుర్తుకు రావడం మొదలైందట. ఆయనే మాతో అన్నారు. "ఆ తల్లి తిట్టినా బాగుండును. తిట్టదు. వస్తానంటుంది, వస్తుంది" అని. చివరికి ఆయనే స్వయంగా పై ఆఫీసుకు కాగితం పట్టుకెళ్ళి పేరు సరిచేయించి, పెన్షన్ ఆర్డరు ఆమె చేతికి ఇచ్చారు. ఇంత కాలం పట్టిన పని ఆయన పూనుకుంటే ఒక్క పూటలో అయింది.

ఇప్పుడు చెప్పండి. ఆమె మెతక మనిషా? ఆమె మాట మెత్తన, పట్టు మెత్తన కాదు. బల్ల గుద్దినాయన మాట గట్టిది, పట్టు గట్టిది కాదు. మాట తీరు ఒకటి, పట్టుదల ఇంకొకటి. ఈ రెండింటినీ మనం ఒకే కొలతతో కొలుస్తున్నాం. అదీ చిక్కు.

ఈ చిక్కు మహాత్మాగాంధీ గారికి కూడా ఎదురైంది. దక్షిణాఫ్రికాలో ఆయన పోరాటం మొదలుపెట్టినప్పుడు దానికి "పాసివ్ రెసిస్టెన్స్" అనే ఇంగ్లీషు పేరు వాడేవారు. ఆ పేరు వింటే, చేతకానివాళ్ళు వేరే దారి లేక పట్టిన ఆయుధం అన్న భావం కలుగుతోందని ఆయన గమనించారు. అందుకని తన "ఇండియన్ ఒపీనియన్" పత్రికలో మంచి పేరు సూచించమని పాఠకులను అడిగి, బహుమతి కూడా ప్రకటించారు. ఆయన బంధువు మగన్‌లాల్ గాంధీ "సదాగ్రహ" అని సూచించారు. దాన్నే మార్చి 1908లో "సత్యాగ్రహ" అన్నారు. పోరాటం మారలేదు. అహింస మారలేదు. పేరు మారింది. మెత్తదనాన్ని చేతకానితనం అనుకోవడానికి వీలు లేకుండా చేసిన పేరు అది. ఒక మాట ఎంత పని చేస్తుందో అంత పెద్దాయనకు తెలుసు గనుకనే దానికోసం పోటీ పెట్టారు.

ఇక మనం ఈ రోజు ఇక్కడ కూర్చోవడానికి కారణమైన సంగతికి వద్దాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. డి.ఎస్. నకారా గారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరయిన వ్యక్తి. కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కకట్టే పద్ధతిని మెరుగుపరిచి, 1979 మార్చి 31 నుంచి రిటైరయ్యేవారికే అది వర్తిస్తుందని చెప్పింది. అంతకు ముందు రోజు రిటైరయినా పాత లెక్కే. ఇది న్యాయం కాదని ఆయనా, ఆయనతోపాటు మరికొందరూ కోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ గీతను కొట్టివేసింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదని, అది మనం చేసిన సేవకు దక్కే హక్కు అని స్పష్టం చేసింది.

ఆ పోరాటంలో బల్లలు గుద్దడం లేదు. తేదీలు, లెక్కలు, రాజ్యాంగంలోని 14వ అధికరణం, అంతే. భాష మర్యాదైనది. అడిగినది మాత్రం ఒక్క అంగుళం తగ్గించి అడగలేదు. తీర్పులో ఆ మాట రాకముందు మన పెన్షన్‌ను మనమే "సర్కారు వారి దయ" అనుకునేవాళ్ళం. అది మెతకతనం. తర్వాత కూడా మర్యాదగానే అడుగుతున్నాం. ఇది మెత్తదనం. అడిగే గొంతు ఒకటే కావచ్చు. ఒకటి దయ అనుకుని అడగడం, రెండోది హక్కు అని తెలిసి అడగడం.

సంఘం అన్న తర్వాత కలిసి ఉండటం గురించి కూడా ఒక మాట అనుకోవాలి గదా. దీనికి మన తెలుగు వ్యాకరణమే నాకు పాఠం చెప్పింది. చిన్నప్పుడు బడిలో సంధులు చదువుకున్నాం. క చ ట త ప లు పరుషాలు, అంటే కరుకు అక్షరాలు. గ జ డ ద బ లు సరళాలు. చిన్నయసూరి గారి బాలవ్యాకరణం 1858 నాటిది. అందులోని గసడదవాదేశ సంధిని మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పించేవారు. తల్లి, తండ్రి అని విడివిడిగా ఉన్నప్పుడు తండ్రిలో "త" ఉంది. ఇద్దరూ కలిస్తే "తల్లిదండ్రులు". "త" పోయి "ద" వచ్చింది. అన్న, తమ్ముడు కలిస్తే "అన్నదమ్ములు". కూర, కాయ కలిస్తే "కూరగాయలు". రెండు మాటలు కలిసి కాపురం చేయాలంటే రెండోది తన కరుకుదనం తగ్గించుకుంటుంది. అంతమాత్రాన తల్లిదండ్రుల్లో తండ్రి తండ్రి కాకుండా పోయాడా? అన్నదమ్ముల్లో తమ్ముడికి వాటా తగ్గిందా? అర్థం ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. కలవడం కోసం మెత్తబడటం తగ్గిపోవడం కాదని మన భాష రోజూ మన నోటి చేతనే చెప్పిస్తోంది.

చివరగా నాకు బాగా నచ్చిన ఇంకో మాట మీ ముందు పెడతాను. "పదును". కత్తికి పదును అంటాం. పొలానికి పదును అనీ అంటాం. వాన పడి, నేల నాగలికి అనువుగా మెత్తబడినప్పుడు రైతు "పదునైంది" అంటాడు. ఎండిపోయిన గట్టి నేలకు పదును లేదు. బురదైపోయిన నేలకూ పదును లేదు. రెంటికీ మధ్య, విత్తనం పట్టగల తడి ఉన్న నేలది పదును. అలాగే కొలిమి దగ్గర చూడండి. ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. కాని అక్కడితో ఆపితే అది పెళుసు. రాయి తగిలితే అంచు ఎగిరిపోతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడి చూపించి, ఆ గట్టిదనంలోంచి కాస్త తగ్గిస్తారు. అప్పుడే అది పదేళ్ళు కోత కోస్తుంది.

పెళుసు అనే మాటను ఇక్కడ మరచిపోకూడదు. పెళుసు గట్టిదే, కాని విరుగుతుంది. కటువుగా మాట్లాడితే "పెళుసు మాట" అంటాం. మెతక వంగిపోతుంది, పెళుసు విరిగిపోతుంది. రెండూ బలహీనతలే. మనం ఒకదాన్ని మాత్రమే బలహీనత అంటున్నాం, రెండోదాన్ని పౌరుషం అని పొరబడుతున్నాం. పదును ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. నేల మెత్తదనానికీ కత్తి వాడికీ ఒకే మాట పెట్టుకున్న మన పూర్వులు ఊరికే పెట్టుకోలేదని నా నమ్మకం.

ఇక నా నోటుకు ముగింపు. వాయిదా పడిన తీర్మానం మళ్ళీ ముందుకు వచ్చినప్పుడు "మెతక వైఖరి విడనాడి" అనే మాటలు కొట్టివేసి, "మర్యాద తప్పకుండా, పట్టు విడవకుండా" అని చేర్చవలసిందిగా నా సవరణ. ఆ మిత్రుడు కోరుకున్న పట్టూ ఇందులో ఉంది, ఆ పెద్దాయన కోరుకున్న మర్యాదా ఇందులో ఉంది. తీర్మానం కంటే ముఖ్యమైనది, మనలో ఎవరైనా ఇద్దరు వెళ్ళి ఆయన్ను స్వయంగా పిలుచుకుని రావాలి. ఫోను చాలదు. మనిషి మనసు నొచ్చుకున్నప్పుడు మనిషే వెళ్ళాలి.

మరొక విన్నపం. ఈ ఊళ్ళో మన సభ్యుల్లోనే, నోరు తెరిచి అడగడం రానివారు ఉన్నారు. భర్త పోయిన తర్వాత ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక, "ఎవర్ని ఇబ్బంది పెట్టడం, వచ్చిందే చాలు" అని ఊరుకున్న తల్లులు ఉన్నారు. వయసు పెరిగితే వచ్చే అదనపు పెన్షన్ తమకు కలిసిందో లేదో చూసుకోనివారు ఉన్నారు. పెన్షన్ పుస్తకంలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్ కార్డుతో సరిపోయాయో లేదో ఇప్పటికీ చూడనివారు ఈ హాల్లోనే ఉండవచ్చు. వారిని మెతక అని జాలిపడి వదిలేయడం తేలిక. వారి ఇంటికి వెళ్ళి మెత్తగా మాట్లాడి, కాగితాలు తీయించి, వారి తరఫున ఆఫీసు మెట్లు ఎక్కడం సంఘం పని. నెలకు ఒక ఆదివారం నేను సిద్ధం. ఇంకో నలుగురు చేయి కలిపితే వీధుల వారీగా పంచుకుందాం. ఆ పేర్లు సభ అయ్యాక కోశాధికారి గారి దగ్గర రాయించండి.

ఇంటివారికి కూడా ఒక మాట. ముసలివాళ్ళం కొంచెం మెత్తబడ్డాం. మోకాళ్ళు మెత్తబడ్డాయి, గొంతు మెత్తబడింది, మనవల విషయంలో మనసు మరీ మెత్తబడింది. దీన్ని చూసి, ఇంట్లో నిర్ణయాలు జరిగేటప్పుడు మమ్మల్ని అడగనక్కరలేదని అనుకోకండి. ఉడికిన గింజే మెతుకయ్యేది. ఇన్నేళ్ళ ఉడుకు మాలో ఉంది. ఒకసారి అడిగి చూడండి. మా మాట వినాలని లేదు, అడిగితే చాలు.

పావుగంట అన్నది దాటిపోయినట్టుంది.   బయట భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. గారెలు కరకరలాడుతూ ఉండగానే వెళ్దాం. అవి మెత్తబడితే మాత్రం ఏ వ్యాకరణమూ వాటిని కాపాడలేదు.

సెలవు. నమస్కారం.